కోర్టు తీర్పు నిరాశ మిగిల్చితే..? లైంగిక దాడి బాధితురాలికి ఆ రోజు నుంచి ఎలా అండగా ఉండాలి?

"నిందితులు నిర్దోషులు".. టీవీ స్క్రీన్ కింద ఒక్క లైన్ స్క్రోలింగ్. రెండు నిమిషాల తర్వాత మరో వార్త వచ్చేస్తుంది. చూసేవాళ్లు మర్చిపోతారు కూడా. కానీ ఆ కేసులో ఫిర్యాదు చేసిన మహిళకు ఆ లైన్ అక్కడితో ఆగదు. ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి, చెప్పలేని విషయాన్ని పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పి, చివరికి ఇంటికి ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీదు. అమ్మ వంటగదిలోకి వెళ్లిపోతుంది. నాన్న ఫోన్ పట్టుకుని బయట తిరుగుతుంటారు. చుట్టాలు ఫోన్ చేసి "పోనీలే, ఇకనైనా మర్చిపోండి" అంటారు.

మరి ఆ టైంలో నిజంగా ఏం చేయాలి? ఏం అనాలి? ఏం అనకూడదు? తీర్పు తర్వాత చట్టపరంగా ఇంకా ఏ దారులున్నాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు వాకపల్లి గురించి తెలుసుకోవాలి

ఈ బాధ ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు దూరంగా ఎక్కడో వెతకాల్సిన పనిలేదు. విశాఖ ఏజెన్సీలోని వాకపల్లి చాలు. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా, జి.మాడుగుల మండలం పరిధిలో ఉంది. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని అక్కడి 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. పోలీసులు ఆ ఆరోపణల్ని ఖండించారు. 21 మందిపై ఆరోపణలు రాగా, చివరికి 13 మందిపై విచారణ జరగాలని 2012లో హైకోర్టు చెప్పింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017లో సుప్రీంకోర్టు విచారణ త్వరగా ముగించాలని ఆదేశించాకే ట్రయల్ కదిలింది.

2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. నిందితులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. దాదాపు 16 ఏళ్ల ఎదురుచూపు అలా ముగిసింది. ఆ 11 మందిలో ఇద్దరు అప్పటికే ఈ లోకంలో లేరు.

అయితే ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని కోర్టు తప్పుపట్టింది. బాధిత మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. మహిళల మాటల్ని కోర్టు నమ్మిందనడానికి ఈ పరిహారం ఆదేశమే గుర్తు అని మానవ హక్కుల వేదిక అప్పట్లో చెప్పింది.

అంటే ఒకే తీర్పులో రెండు విషయాలు. శిక్ష లేదు. కానీ "మీరు అబద్ధం చెప్పారు" అని కూడా కోర్టు అనలేదు. బాధితురాలి పక్కన నిలబడాలనుకునే ఎవరైనా ముందు అర్థం చేసుకోవాల్సిన తేడా ఇదే.

నిర్దోషి అంటే.. ఫిర్యాదు అబద్ధమనా?

కాదు. క్రిమినల్ కేసులో నేరం "సహేతుకమైన అనుమానానికి తావులేకుండా" రుజువు కావాలి. ఎక్కడైనా సందేహం మిగిలితే దాని లాభం నిందితుడికే వెళ్తుంది. అమాయకుడికి శిక్ష పడకూడదని పెట్టుకున్న నియమం ఇది. అవసరమైన నియమమే. కాబట్టి కోర్టు ఒకరిని విడిచిపెట్టిందంటే, చట్టం అడిగినంత బలమైన సాక్ష్యం తన ముందుకు రాలేదని చెప్పినట్టు.

సాక్ష్యం ఎందుకు రాదు? ఎఫ్‌ఐఆర్ ఆలస్యం కావచ్చు. వైద్యపరీక్ష సరైన టైంలో జరగకపోవచ్చు. శాంపిల్స్ సరిగ్గా భద్రపరచకపోవచ్చు. సాక్షులు ఎదురు తిరగొచ్చు. దర్యాప్తులో తప్పులు దొర్లొచ్చు. వీటిలో ఏ ఒక్కటీ బాధితురాలి చేతిలో ఉండేది కాదు.

ఫిర్యాదు కావాలనే తప్పుగా పెట్టారని, కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెప్పారని తేల్చాలంటే దానికి వేరే చట్టపరమైన ప్రక్రియ ఉంది. నిర్దోషి అన్న తీర్పు దానంతట అదే ఆ ముద్ర వేయదు. వీధిలో ఎవరైనా "కేసు కొట్టేశారంటే అబద్ధమే కదా" అంటే, ఇంట్లోవాళ్లు చెప్పాల్సిన సమాధానం ఇది.

ఇంకో వైపు కూడా గుర్తుంచుకోవాలి. కోర్టు విడిచిపెట్టిన వ్యక్తిని పేరు పెట్టి "నేరస్థుడు" అని సోషల్ మీడియాలో రాస్తే, పరువునష్టం కేసు బాధితురాలి కుటుంబం మీదకే రావొచ్చు. తీర్పును విమర్శించడం వేరు. వ్యక్తిపై తీర్పు చెప్పడం వేరు. కోపంలో ఈ తేడా చెరిగిపోకుండా చూసుకోవాలి.

ఎంతమందికి ఇలా జరుగుతోంది?

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 31,516 అత్యాచార కేసులు నమోదయ్యాయి. ఆ ఏడాది అత్యాచార కేసుల్లో శిక్ష పడిన రేటు 27, 28 శాతం దగ్గరే ఉంది. అంటే విచారణ ముగిసిన ప్రతి 4 కేసుల్లో దాదాపు 3 కేసుల్లో శిక్ష పడటం లేదు. ఇవి ఫిర్యాదు దాకా వచ్చిన కేసుల లెక్క మాత్రమే. స్టేషన్ గడప తొక్కనివి ఇందులో లేవు.

కాబట్టి "నాకే ఇలా ఎందుకు జరిగింది? నేనే సరిగ్గా చెప్పలేకపోయానా?" అని కుమిలిపోయే మహిళ ఒంటరిది కాదు. ఈ మాట ఆమెకు మెల్లగా, సరైన టైంలో చెప్పాలి. తీర్పు రోజే అంకెలు చెప్పి ఓదార్చే ప్రయత్నం మాత్రం వద్దు. ఆ రోజు ఎవరికీ లెక్కలు తలకెక్కవు.

ఇది కోపమే కాదు.. దుఃఖం కూడా

ఇంట్లో మనిషి పోతే చుట్టాలొస్తారు. దినాలు చేస్తారు. ఏడవడానికి టైం ఇస్తారు. కానీ కోర్టులో కేసు పోతే పలకరింపులుండవు. ఏడిస్తే "ఇంకా ఎన్నాళ్లు?" అంటారు. సమాజం గుర్తించని, పదిమందిలో ఏడవడానికి వీల్లేని ఇలాంటి దుఃఖం గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా చాలా రాశారు. గుర్తింపు దక్కని దుఃఖం త్వరగా మానదు. లోపలే ఉండిపోతుంది.

బాధితురాలు పోగొట్టుకున్నది ఒకటి కాదు. దాడితో పోయిన నమ్మకం, భద్రత ఒక ఎత్తు. కేసు కోసం ఖర్చయిన ఏళ్లు, చదువు, ఉద్యోగం, సంబంధాలు ఇంకో ఎత్తు. "చివరికి న్యాయం జరుగుతుంది" అన్న ఆశతోనే చాలామంది అన్నీ ఓర్చుకుంటారు. తీర్పుతో ఆ ఆశ కూడా పోతుంది.

దానికితోడు, కాపాడాల్సిన వ్యవస్థే చేయి వదిలేసిందన్న భావన. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెన్నిఫర్ ఫ్రైడ్ దీన్ని సంస్థలు చేసే ద్రోహంగా వివరించారు. మనిషి నమ్మి ఆధారపడిన సంస్థే విఫలమైతే, అసలు గాయం ఇంకా లోతవుతుందన్నది ఆమె చెప్పిన విషయం.

అందుకే తీర్పు తర్వాత పాత లక్షణాలు మళ్లీ రావొచ్చు. నిద్ర పట్టకపోవడం, పీడకలలు, ఉలిక్కిపడటం, తిండి సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం. కొందరు ఏడుస్తారు. కొందరు రాయిలా ఉండిపోతారు. ఇంకొందరు మర్నాడే మామూలుగా పనికి వెళ్లిపోతారు. ఇందులో ఏదీ తప్పు కాదు. "ఏడవట్లేదంటే బాధ లేదు" అనుకోవద్దు.

తీర్పు ఒక్కటే కాదు.. బిల్కిస్ బానో కేసు చెప్పేదిదే

నిరాశ అంటే నిర్దోషి తీర్పే కానక్కర్లేదు. చిన్న నేరం కింద శిక్ష వేయొచ్చు. తక్కువ శిక్ష పడొచ్చు. పైకోర్టు శిక్ష నిలిపేసి బెయిల్ ఇవ్వొచ్చు. శిక్ష పడ్డవాళ్లను ముందుగానే విడుదల చేయొచ్చు.

2002 గుజరాత్ అల్లర్లలో సామూహిక అత్యాచారానికి గురై, కుటుంబ సభ్యుల్ని పోగొట్టుకున్న బిల్కిస్ బానో కేసులో జరిగింది చివరిదే. 2008లో ముంబై కోర్టు 11 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2022 ఆగస్టు 15న ఆ 11 మందినీ గుజరాత్ ప్రభుత్వం విడుదల చేసింది. 20 ఏళ్ల నాటి గాయం మళ్లీ ముంచెత్తిందని, మాటలు రావడం లేదని ఆమె అప్పుడు ప్రకటనలో చెప్పారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసింది. వాళ్లు మళ్లీ జైలుకు వెళ్లారు. ఇప్పుడు ఊపిరి పీల్చుకోగలుగుతున్నానని ఆమె అన్నారు.

14 ఏళ్ల కింద వచ్చిన న్యాయం కూడా ఒక్క రోజులో చేజారినట్టు అనిపించొచ్చు. కాబట్టి "కేసు ఎప్పుడో అయిపోయింది కదా" అని ఎవరూ అనుకోకూడదు. బెయిల్ వార్త, విడుదల వార్త, అప్పీల్ వార్త.. ప్రతిదీ పాత గాయాన్ని కదుపుతుంది.

తీర్పుకు ముందే చేయాల్సిన పనులు

చాలా కుటుంబాలు గెలుపుకే సిద్ధమవుతాయి. ఓటమికి కాదు. "అపశకునం మాటలెందుకు" అని ఆ ఊసే ఎత్తరు. కానీ ముందే కొన్ని విషయాలు మాట్లాడుకుంటే ఆ రోజు తట్టుకోవడం కాస్త తేలికవుతుంది.

- లాయర్‌తోనో, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌తోనో కూర్చుని ఏ ఏ తీర్పులు రావొచ్చో అడగండి. "తప్పకుండా గెలుస్తాం" అనే మాట మీద మాత్రమే ఆధారపడొద్దు.
- తీర్పు రోజు కోర్టుకు వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వెళ్లకపోతే విషయం ఎవరు, ఎలా చెప్పాలో ముందే అనుకోండి. టీవీలో చూసో, వాట్సాప్ గ్రూప్‌లో చూసో తెలుసుకునే పరిస్థితి రానివ్వొద్దు.
- కోర్టు బయట కెమెరాలుంటే ఏ దారిలో వెళ్లాలి, ఎవరు మాట్లాడాలి, అసలు మాట్లాడాలా అన్నది తేల్చుకోండి.
- ఆ రాత్రి ఎక్కడ ఉండాలి, ఎవరు తోడుండాలి అన్నది కూడా ఆమెనే అడగండి.

ఆ రోజు ఏం అనాలి? ఏం అనకూడదు?

హింసకు గురైన మహిళల్ని పలకరించే తీరుపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య సిబ్బంది కోసం ఒక పద్ధతి చెప్పింది. వినడం, ఏం కావాలో అడగడం, ఆమె మాటను నమ్ముతున్నామని చెప్పడం, భద్రత చూడటం, కావాల్సిన సాయం అందేలా చేయడం. ఈ 5 పనులు ఇంట్లోవాళ్లూ చేయొచ్చు. పెద్ద చదువేం అక్కర్లేదు.

మన ఇళ్లలో మంచి మనసుతోనే అనే కొన్ని మాటలు మాత్రం బాగా గుచ్చుకుంటాయి.

"పోనీలేమ్మా, అంతా మన మంచికే" - ఆమెకు జరిగిన దాంట్లో మంచేమీ లేదు.

"దేవుడున్నాడు, వాడే చూసుకుంటాడు" - భక్తి ఉన్నవాళ్లు తామే ఆ మాట అనుకుంటే అది వేరు. పక్కవాళ్లు అంటే మాత్రం "ఇక ఊరుకో" అన్నట్టు వినిపిస్తుంది.

"అప్పుడే రాజీ పడితే ఇంత దూరం వచ్చేదా?" - ఈ మాట ఎప్పటికీ అనకూడదు. తప్పు కేసు పెట్టడంలో ఉందని చెప్పినట్టే.

"నువ్వు ఆ లాయర్ అడిగినప్పుడు సరిగ్గా చెప్పి ఉంటే.." - బాధలో ఉన్న మనిషి మీద ఇంకో క్రాస్ ఎగ్జామినేషన్ ఇది.

"ఇక ఇవన్నీ వదిలేసి పెళ్లి చేసుకో" - దుఃఖానికి మందు పెళ్లి కాదు.

"ఏం కాదు, పైకోర్టు ఉందిగా, రేపే వేద్దాం" - అప్పీల్ దారి నిజమే. కానీ ఆ సాయంత్రం ఆమెకు ఇంకో యుద్ధం గురించి వినే ఓపిక ఉండదు.

మరి ఏం అనాలి? చిన్న మాటలు చాలు. అక్క అయితే చెల్లి పక్కన కూర్చుని "నీ మాట నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నా. కోర్టు ఏమన్నా అది మారదు" అనొచ్చు. స్నేహితురాలైతే "నువ్వేం మాట్లాడకపోయినా పర్లేదే, నేను ఇక్కడే ఉంటా" అనొచ్చు. నాన్న అయితే "నువ్వు నిలబడి చెప్పావు తల్లీ. అందులో నువ్వు ఓడిపోలేదు" అనొచ్చు. ఏ మాటా రాకపోతే "ఏం అనాలో నాకు తెలియట్లేదు. కానీ చాలా బాధగా ఉంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పినా సరిపోతుంది.

ముట్టుకునే ముందు, కౌగిలించుకునే ముందు కూడా అడగాలి. దాడి జ్ఞాపకాలు తిరగబెట్టే రోజు అది. "పక్కన కూర్చోనా?" అనే చిన్న ప్రశ్న ఆమె చేతికి కొంచెం అధికారం తిరిగిస్తుంది. దాడిలోనూ, కోర్టులోనూ ఆమెకు లేనిది అదే.

మొదటి వారాలు.. పనుల రూపంలో సాయం

"ఏం కావాలన్నా అడుగు" అంటే ఎవరూ అడగరు. అందుకే పనులే చేసిపెట్టాలి. టిఫిన్ పట్టుకెళ్లడం, పిల్లల్ని స్కూల్లో దింపడం, వచ్చే ఫోన్లకు సమాధానం చెప్పడం, ఆఫీసులో సెలవు మాట్లాడటం. వార్తల కింద వచ్చే కామెంట్లు ఆమె చదవకుండా ఫోన్ లాక్కోవడం మాత్రం వద్దు. "నేను చూసి, నీకు తెలియాల్సింది ఉంటే చెబుతా, సరేనా?" అని అడగండి.

మొదటి వారం అందరూ వస్తారు. నెల తర్వాత ఎవరూ రారు. అసలు ఒంటరితనం అప్పుడే మొదలవుతుంది. దాడి జరిగిన తేదీ, తీర్పు వచ్చిన తేదీ ప్రతి ఏడాదీ వస్తాయి. ఆ తేదీలు గుర్తుపెట్టుకుని ఒక్క మెసేజ్ పెట్టినా అది పెద్ద సాయమే.

అమ్మానాన్నలు, భర్త, అన్నదమ్ములూ దుఃఖంలోనే ఉంటారు. వాళ్లూ ఎవరితోనైనా చెప్పుకోవాలి. కానీ ఆ బరువు ఆమె మీద పెట్టకూడదు. "నీవల్ల అమ్మ తిండి మానేసింది" అనే మాట ఆమెను ఇంకా కుంగదీస్తుంది. అలాగే "వాడి సంగతి మేం చూసుకుంటాం" అని మగవాళ్లు ఆవేశపడితే, ఇంకో కేసు, ఇంకో భయం ఆమె నెత్తిన పడతాయి.

ప్రాణం మీదకు వచ్చే సంకేతాలు ఇవి

"నేను ఉండి ఏం లాభం", "అందరికీ భారం అయ్యాను" లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఉన్నట్టుండి అందరికీ వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడటం కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగితే ఆ ఆలోచన వస్తుందన్నది అపోహ మాత్రమే. అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. ఒంటరిగా వదలొద్దు.

కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ప్రాణాపాయం ఉంటే వెంటనే 112కి ఫోన్ చేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181. పిల్లల కోసం 1098. కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సాయం ఒకేచోట దొరికే సఖి కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి. తెలంగాణలో భరోసా కేంద్రాలు కూడా ఉన్నాయి.

చట్టంలో ఇంకా ఉన్న దారులు

ఇవి ఆమెకు చెప్పాలి. కానీ నిర్ణయం ఆమెదే.

అప్పీల్: 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత బాధితులకు సొంతంగా అప్పీల్ చేసుకునే హక్కు వచ్చింది. ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 413వ సెక్షన్‌లో ఉంది. నిందితుడిని విడిచిపెట్టినా, తక్కువ నేరం కింద శిక్ష వేసినా, పరిహారం సరిపోకపోయినా బాధితురాలు పైకోర్టుకు వెళ్లొచ్చు. ప్రభుత్వం అప్పీల్‌కు వెళ్లకపోయినా ఆమె వెళ్లొచ్చు. ఇందుకు హైకోర్టు ప్రత్యేక అనుమతి అక్కర్లేదని 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే శిక్ష తక్కువైందన్న ఒక్క కారణంతో అప్పీల్ చేసే హక్కు మాత్రం ప్రభుత్వానిదే. అప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను, కలెక్టర్‌ను కలిసి విజ్ఞప్తి ఇవ్వాలి.

అప్పీల్‌కు గడువు ఉంటుంది. కాబట్టి నిర్ణయం తర్వాత తీసుకున్నా, తీర్పు సర్టిఫైడ్ కాపీకి మాత్రం మొదటి రోజుల్లోనే దరఖాస్తు పెట్టడం మంచిది. ఈ పని ఇంట్లో ఇంకెవరైనా చూసుకోవచ్చు. ఆమె మళ్లీ ఆ కోర్టు కారిడార్‌లో నిలబడక్కర్లేదు.

ఉచిత న్యాయ సాయం: 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఈ ఆఫీసు ఉంటుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

పరిహారం: కేసు కొట్టేస్తే పరిహారం రాదనుకుంటారు చాలామంది. అది తప్పు. నిందితులు విడుదలైనా, బాధితురాలికి పునరావాసం అవసరమనిపిస్తే ట్రయల్ కోర్టు పరిహారానికి సిఫార్సు చేయొచ్చు. ఇప్పుడిది 396వ సెక్షన్‌లో ఉంది. వాకపల్లి తీర్పులో పరిహారం మాట వచ్చినట్టే మిగతా కేసుల్లోనూ అడగొచ్చు. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018లో రూపొందించిన పథకం ప్రకారం అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయలు, సామూహిక అత్యాచారానికి 5 లక్షల నుంచి 10 లక్షల దాకా ఉంది. డబ్బు న్యాయానికి బదులు కాదు. కానీ వైద్యానికి, చదువుకు, ఊరు మారడానికి పనికొస్తుంది. పరిహారం తీసుకున్న మహిళను "డబ్బు కోసమే చేసింది" అనే నోళ్లను ఇంట్లోవాళ్లే మూయించాలి.

భద్రత: విడుదలైన వ్యక్తి అదే ఊళ్లో, అదే వీధిలో ఉండొచ్చు. బెదిరింపులు వస్తే రాసిపెట్టుకోండి. మెసేజ్‌లు, కాల్ రికార్డులు చెరిపేయొద్దు. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. అప్పీల్ నడుస్తుంటే ఆ పథకం కింద రక్షణకు దరఖాస్తు చేసే విషయం న్యాయసేవాధికార సంస్థ లాయర్‌ను అడగండి.

గోప్యత: నిందితుడు విడుదలైనా బాధితురాలి పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదు. భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ ప్రకారం దీనికి 2 ఏళ్ల వరకు జైలు ఉంటుంది. మద్దతుగా పెట్టే పోస్టుకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. "జస్టిస్ ఫర్" అంటూ పేరు పెట్టి హ్యాష్‌ట్యాగ్ చేయడం సాయం కాదు. స్టేటస్ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగాలి.

ఆమెను ఉద్యమానికి గుర్తుగా మార్చొద్దు

మన దేశంలో అత్యాచార చట్టాలు కొన్నిసార్లు మారింది నిరాశపరిచిన తీర్పుల తర్వాతే. 1972లో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో జరిగిన మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. దేశమంతా నిరసనలు జరిగాయి. 1983లో చట్టం మారింది. అంతకుముందే, 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ కేసు నగరాన్ని కుదిపేసింది. విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కర్ణాటకలోని రాయచూర్‌కు మారిన కేసులో నిందితులు బయటపడ్డారు.

రాజస్థాన్‌లో బాల్య వివాహాలను అడ్డుకున్న భన్వరీ దేవిపై 1992లో జరిగిన దాడి కేసులో 1995లో నిందితులు అత్యాచార నేరం నుంచి బయటపడ్డారు. ఆ కేసు నుంచే 1997లో విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి. ఈ రోజు ఆఫీసుల్లో మహిళలకు ఉన్న ఫిర్యాదు కమిటీల వెనుక ఉన్నది ఆమె పోరాటమే.

దేశానికి మేలు జరిగింది. నిజమే. కానీ మథుర కేసు తీర్పు మారలేదు. భన్వరీ దేవి కోరుకున్న శిక్ష ఆమెకు దక్కలేదు. కాబట్టి "నీవల్ల పదిమందికి ధైర్యం వచ్చింది" అనే మాట ఒక్కటే ఓదార్పు కాదు. పోరాడాలనుకుంటే తోడుండాలి. ఆపేయాలనుకున్నా అంతే తోడుండాలి. అప్పీల్‌కు వెళ్లని మహిళ పిరికిది కాదు. ఆమె అలసిపోయింది. అంతే.

అమెరికా మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 2023లో వచ్చిన తన పుస్తకం కోసం బాధితులతో మాట్లాడి ఒక విషయం గమనించారు. చాలామంది అన్నింటికంటే ఎక్కువగా కోరుకున్నది తమకు జరిగిన అన్యాయాన్ని చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించాలని, తప్పు తమది కాదని ఒప్పుకోవాలని. శిక్ష వేయడం కోర్టు పని. అది ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ ఈ గుర్తింపు ఇవ్వడానికి ఏ కోర్టూ అక్కర్లేదు. ఇల్లు ఇవ్వొచ్చు, వీధి ఇవ్వొచ్చు, ఆఫీసు ఇవ్వొచ్చు.

మళ్లీ ఆ సాయంత్రానికే వెళ్తే.. అమ్మ వంటగదిలోంచి బయటకు రావాలి. నాన్న ఫోన్ పక్కన పెట్టాలి. ఇద్దరూ వచ్చి ఆమె పక్కన కూర్చోవాలి. "తిన్నావా?" అని అడగాలి. తినకపోతే కలిసి తినాలి. ఆ రోజుకు అది చాలు.